ఉల్టా బోల్టు

"తాత నిజంగనే లారీ బోల్టు ఇరగ్గొట్టిండా అవ్వా?" అని మొన్న ఫోనులో మీలో చిన్నది అడిగింది. విరగ్గొట్టారమ్మా. నకిరేకల్‌లో మా ఇంటి ముందే, నేను చూస్తుండగానే.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మామగారిది గుంతలో కూర్చుని నేసే మగ్గం పని. కొడుకు మగ్గం వదిలి రైసుమిల్లు సేటు లారీకి డ్రైవరుగా ఎక్కడం ఆయనకు అసలు నచ్చలేదు. బండికి ఏమైనా అయితే తాళంచెవి ఇచ్చి పోవాలని సేటు కూడా ముందే చెప్పాడు.

ఆ పొద్దున ఎడమపక్క వెనక టైరు పంక్చరైంది. మీ తాత నట్లు విప్పబోతే మొదటిదే కదల్లేదు, తుప్పు పట్టి బిగుసుకుపోయిందనుకున్నారు. పానాకు పొడుగు పైపు తొడిగి దాని మీదికెక్కి నిలబడ్డారు.

"మగ్గం గుంతల కూసుంటే గీ తిప్పలుంటుండెనా?" అన్నారు మామగారు అరుగు మీద నుంచి.

"నువ్వు జర ఊకో బాపూ," అంటూ ఈయన ఇంకోసారి ఊగారు. టప్పుమని బోల్టు విరిగింది. పైపుతో సహా కింద పడ్డారు.

మెకానిక్కును పిలిస్తే చూసి తల కొట్టుకున్నాడు. "అరే భాయ్, గిది ఎడమ దిక్కు చక్రం. చూడీ ఉల్టా ఉంటది గదా!"

చూడీ అంటే గాజని మాత్రమే నాకు తెలుసు. గబుక్కున నా చేతులు చూసుకున్నాను. మెకానిక్కు పడీపడీ నవ్వాడు. "నీ గాజులు మంచిగనే ఉన్నయమ్మా! బోల్టు మీది మరల్ని గూడ చూడీలే అంటం."

మీ తాత అంతకుముందు కుడిపక్క చక్రాలే విప్పారట. అదే తీరుగా తిప్పితే ఇది ఇంకా బిగుసుకుంది.

చక్రం తీసినా విరిగిన ముక్క లోపలే ఉండిపోయింది, గోరంత మాత్రం బయటికి. మెకానిక్కు దాని మీద కిరసనాయిలు పోసి నాననిచ్చాడు. చుట్టూ మంట పెట్టి కాల్చాడు. తర్వాత ఉలి అంచు ఆనించి, సుత్తితో పక్కకు మెల్లగా కొడుతూ కూర్చున్నాడు. "జోరుగ కొడితే మల్ల ఇరుగుతది," అన్నాడు. అది కదిలేసరికి మధ్యాహ్నం దాటింది.

ముక్క చేతికొచ్చే వేళకే సేటు వచ్చాడు. "ఎవడు ఇరగ్గొట్టిండు?"

మీ తాత జేబులోంచి తాళంచెవి తీశారు. ఆయన నోరు తెరవకముందే మామగారు అరుగు దిగారు.

"నేనే సేటూ. మా పోరడు వద్దంటనే ఉన్నడు. ఉల్టా అని నాకేమెరుక? పైపు గుంజిన, ఇరిగింది."

"నీకెందుకయ్యా బండి పని? నీ మగ్గమేదో నువ్వు చూస్కోక!" అని సేటు కసిరాడు. తాళంచెవి మాత్రం అడగలేదు. మెకానిక్కు తల ఎత్తకుండా కొత్త బోల్టు బిగించుకున్నాడు.

మామగారు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కొడుకు మర్నాటికి మగ్గం గుంతలో ఉండేవాడు. ఆయన కోరుకున్నదీ అదే. ఒకసారి అన్నం పెడుతూ అడిగాను, "మామా, ఆనాడు తప్పు మీ మీద ఎందుకేసుకున్నరు?"

"జర మజ్జిగ పొయ్యి బిడ్డా," అన్నారు.

పోశాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఆయన పోయేదాకా. మీ తాతకూ తెలియదు. ఎందుకు వేసుకున్నట్టు?