తియ్యనీళ్ళ వీధి

మొన్నటి వానలకు మా వీధి కాలవలో బ్లీచింగ్ పొడి చల్లారు. ఆ వాసన ముక్కుకు తగలగానే కిటికీ వేసుకున్నాను. శానిటరీ ఇన్‌స్పెక్టరు సుబ్బారాయుడుగారు గుర్తుకొచ్చారు. స్వాతంత్ర్యానికి ముందు, నేను బందరులో నర్సుగా చేరిన కొత్తలో, ఏ వీధిలో మనుషులు ఎలా బతుకుతున్నారో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయడం ఆయన తలకెత్తుకున్న పని. బావి ఎలా ఉంది, మురుగు ఎటు పోతోంది, పిల్లలెందరు పుట్టారు, ఎందరు మిగిలారు అని వీధివారీగా ఒక పెద్ద పుస్తకంలో ఎక్కించేవారు. ఆడవాళ్ళను అడగడానికి నన్ను వెంట తీసుకువెళ్ళేవారు. "చూడ్డానికి బాగుందని ఏ వీధినీ నమ్మకండమ్మా, ముందు లెక్క రానివ్వండి," అనేవారు.

ఊరంతా ఉప్పునీళ్ళతో అవస్థపడుతుంటే ఒక్క వీధి బావిలో మాత్రం కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. ఆ వీధికి మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. వాకిళ్ళు అద్దాల్లా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఉయ్యాల వేలాడుతోంది. ఎక్కడా పిల్లల అలికిడి లేదు. పది ఇళ్ళు తిరిగాక పుస్తకంలోకి తొంగిచూశాను. పుట్టినవాళ్ళ వరుస నిండుతోంది, మిగిలినవాళ్ళ వరుసలో దాదాపు అన్నీ సున్నాలే.

చివరి ఇంటి ముందు ఆయన ఆగిపోయారు. "మీరు వెళ్ళి అడగండమ్మా. నేనిక్కడుంటాను."

లోపల ఒకావిడ ఖాళీ ఉయ్యాల ఊపుతోంది. పిల్లలెందరని అడిగాను.

"ముగ్గురమ్మా. మెల్లిగా మాట్లాడు, ఇప్పుడే నిద్రపోయారు."

బయటికొచ్చి ఆ మాటే చెప్పాను. ఆయన మిగిలినవాళ్ళ వరుసలో సున్నా వేశారు.

"ఇది మా ఇల్లే. లోపలున్నది మా ఇంటావిడండీ," అన్నారు. "ఊరంతా తిరిగాను. ఈ వీధి లెక్క మాత్రం మూడేళ్ళుగా దాటవేస్తూ వచ్చాను."

ఆ వారమే పుస్తకం కౌన్సిలర్ల ముందు పెట్టారు. ఉప్పుబావుల వీధుల్లో పిల్లలు బతుకుతున్నారు, ఇక్కడ పోతున్నారు. నీళ్ళు పరీక్షకు పంపితే, పక్కనున్న పాత మరుగుదొడ్డి గుంట ఊట బావిలో కలుస్తోందని తేలింది. బావి పూడ్చే రోజున వీధివాళ్ళు ఆయన మీద మట్టిపెళ్ళలు విసిరారు.

"నీ పిల్లలు పోయారని మా నోట్లో మట్టి కొడతావా?" అని ఒక ముసలాయన అరిచాడు.

ఆయన కూలీ చేతిలోని పార తీసుకుని తానే మట్టి పోశారు.

రెండేళ్ళకు, నేను పురుడుపోసిన పిల్ల ఆ వీధిలో పరుగులు తీసింది. సుబ్బారాయుడుగారి ఇంటావిడ మాత్రం బతికినన్నాళ్ళూ ఆ ముగ్గుర్నీ నిద్రపుచ్చుతూనే ఉంది.

ఆ తరువాత నాకూ పిల్లలు పుట్టారు, ఇప్పుడు మనవలున్నారు. ఎందరని ఎవరైనా అడిగితే చప్పున జవాబు చెప్పలేను. లేచి గదిలోకి వెళ్ళి, ఒక్కొక్కరి ఊపిరీ విని వచ్చాకే చెబుతాను.