నాలుగో నంబరు రంగు

ఆశా కార్యకర్తల గురించి రాసేవాళ్లు మొదటి వాక్యంలోనే వాళ్లను దేవతలను చేసేస్తారు. నాచారం ఐలమ్మ దేవత కాదు. నలభై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పి, కాస్త పెద్ద నోరు. ఒక పసివాడి విషయంలో తప్పు చేసింది.

పిల్లల శస్త్రచికిత్స విభాగంలో పరిశోధన చేస్తున్న డాక్టర్ స్పందన బస్తీ దవాఖానా ఆశాలకు ఒక కార్డు ఇచ్చింది. దాని మీద పసిపిల్లల విరేచనం రంగులు ఆరు. మొదటి మూడూ సున్నంలా పాలిపోయినవి, నాలుగు నుంచి పసుపు. కామెర్లు తగ్గని బిడ్డకు పాలిపోయిన రంగు కనిపిస్తే, కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టాలు మూసుకుపోయాయేమోనని అనుమానించాలి. అరవై రోజుల్లోపు ఆపరేషన్ జరిగితే సొంత కాలేయం నిలిచే అవకాశం ఎక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ కాలేయ మార్పిడి దగ్గరవుతుంది. పిల్లలు వేళకు ఎందుకు రావడం లేదన్నదే స్పందన పరిశోధన.

ఇద్దరికి ఒక కార్డు వచ్చింది. అసలుది జోడీ మనిషికి వదిలి, ఐలమ్మ ఉప్పల్లో కలర్ జిరాక్స్ తీయించి, లామినేషన్ కూడా చేయించింది. అంత శ్రద్ధ.

ఆ బస్తీలోనే ఉండే కావ్య కొడుక్కి ముప్పై ఎనిమిదో రోజు. కళ్లలో పసుపు పోలేదని కావ్య, బిడ్డ విరేచనం అంటిన గుడ్డ తీసి ఐలమ్మకు చూపించింది. ఐలమ్మ కార్డు పక్కన పెట్టి చూసి, నాలుగో నంబరంది, మంచిగనే ఉందంది. అత్త రాములమ్మ చాయ్ పోసింది.

నలభై తొమ్మిదో రోజు దవాఖానాలో మీటింగు. స్పందన అసలు కార్డులు బల్ల మీద పరిచింది. ఐలమ్మ తన కార్డు పక్కన పెట్టి, చెయ్యి తీయలేకపోయింది. జిరాక్స్‌లో పసుపు వెలిసిపోయింది. తన నాలుగో నంబరు, అసలు కార్డులో మూడో నంబరు.

జనానికి అవగాహన లేదని, పసరు మందుల వెంట పోతారని వేదికలెక్కి చెప్పడం మనకు అలవాటు. ఈ ఇంట్లో అవగాహనకు లోటేమీ లేదు. తల్లి అడిగింది, అత్త పసరు ఊసెత్తలేదు. ఇద్దరూ దవాఖానా మనిషిని నమ్మారు. దెబ్బ అక్కడే తగిలింది.

కావ్య ఇంటికి పోయే ఆటోలో ఐలమ్మ లెక్కేసుకుంటూనే ఉంది. పదకొండు రోజులు పోయాయి, పదకొండు మిగిలాయి. కొత్త పరీక్షేదో వచ్చిందని చెబితే పరువు దక్కుతుందనీ అనుకుంది. ఇంట్లో అదే చెప్పి, ఆపరేషన్ కూడా పడొచ్చంది. కానీ రాములమ్మ వినగానే, వచ్చే వారం పోదాంలే అంది.

“మొన్న నువ్వే మంచిగుందంటివి. గిప్పుడు కడుపు కొయ్యాలంటవా? ఏంది ఐలమ్మా నీ మాట?”

ఇక అబద్ధానికి వారం ఖర్చవుతుందని ఐలమ్మకు అర్థమైంది.

“నా కార్డు తప్పు. నేను జెప్పింది తప్పు. తిట్టేది రేపు తిట్టు రాములమ్మా, ఇయ్యాల లేవుండ్రి.”

కావ్య అప్పటికే బిడ్డకు చొక్కా తొడుగుతోంది. తలెత్తకుండా, “పదకొండు దినాలు, అక్కా” అంది. బిడ్డను భుజానికెత్తుకుంది. ఐలమ్మ తిట్టు కోసమే ఎదురుచూసింది.

పరీక్షలకు ఏడు రోజులు పట్టింది. యాభై ఆరో రోజు ఆపరేషన్. స్పందన ఫారం నింపుతూ, ఆలస్యానికి కారణం అనే గడి దగ్గర ఆగింది. అచ్చేసిన కారణాలు మూడే: తెలియకపోవడం, నాటు వైద్యం, దూరం.

“వీళ్లు ఆలస్యం జెయ్యలే మేడం. నేను జేసిన. గది రాయుండ్రి.”

ఆ కారణానికి గడి లేక స్పందన కాగితం అంచున రాసింది. జిరాక్స్ కార్డులన్నీ ఆ వారమే వెనక్కి తెప్పించి, అందరికీ అసలు కార్డులిచ్చింది.

ఆపరేషన్ తర్వాత ఎనిమిదో రోజు, రంగు మారినట్టుందని కావ్య ఫోన్లో ఫొటో పంపింది. ఫొటోను నమ్మే స్థితిలో ఐలమ్మ లేదు. అసలు కార్డు తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. కావ్య గుడ్డను కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టింది. ఐలమ్మ వంగింది. ఒకసారి మూడనిపించింది, ఒకసారి నాలుగనిపించింది. 

“ఇటియ్యి అక్కా, నేను చూస్త.”

కావ్య కార్డు అందుకుని, గుడ్డ పక్కన పెట్టి, చాలాసేపు చూసింది. నాలుగే అంది. మార్పిడి కావాలో అక్కర్లేదో తేలేది మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో. అప్పటిదాకా రోజూ చూడాలి. కావ్య కార్డు తిరిగి ఇవ్వలేదు, ఐలమ్మ అడగలేదు.