మొగుడి పేరు చెప్పని నూకమ్మ

మా అత్తగారు నూకమ్మకి మలాయి భాష రాదంటే క్లాంగ్ చేపల బజారు మొత్తం నవ్వుతుంది. ఆ భాషలో ఆవిడ బేరం మొదలుపెడితే అమ్మేవాడు దండం పెట్టి ఇచ్చేస్తాడు. వరదలొచ్చిన ఏడాది బడి హాల్లో వీధి ఆడవాళ్ళందరినీ కూడేసి, ఎవరేం తరగాలో ఆ భాషలోనే కేకలేస్తూ మూడు రోజులు నాలుగు వందల మందికి వండించింది. నెలకోసారి వీధిలో మురుగు కాలవలు తీయించేదీ ఆవిడే. ఆ రోజు ఎవరూ మంచం మీద ఉండటానికి వీల్లేదు.

అలాంటి మనిషికి ఈ మలేషియా దేశ పౌరసత్వం లేదు. కువాలా సెలంగోర్ రబ్బరు తోటలో పుట్టినప్పుడు ఆ సంగతి తండ్రి ఎక్కడా రాయించలేదు. అరవై ఆరేళ్ళొచ్చినా చేతిలో ఎర్ర కార్డే. పౌరులకిచ్చే నీలం కార్డు కోసం పోయినేడు ఒక్కతే ఇంటర్వ్యూకి వెళ్ళి, భాష రాదనిపించుకుని వచ్చింది. ఎందుకు తప్పారని అడిగితే "ఏటోలే, పోనీ" అని మొహం తిప్పుకుంది. ఒక్క ఓటూ వేయకుండానే పోతానేమోనని ఆ వారమంతా సరిగ్గా తినలేదు.

ఈసారి నేను వెంట వెళ్ళాను, మామగారు బయట ఆగారు. అధికారిణి ఊరూ పిల్లలూ అడిగితే అత్త గడగడా చెప్పింది. "మీ భర్త పేరు?" అందామె. అత్త తల దించుకుంది. ఆమె మళ్ళీ నెమ్మదిగా అడిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆమె కలం అందుకుంది.

పోయినసారి కొంప ముంచిందేమిటో నాకప్పుడు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది.

"సెప్పండత్తా! ఇక్కడ ఎవులూ ఏటీ అనుకోరు."

"నువ్వూరుకో. సచ్చినా సెప్పను."

పోనీ నేనే చెబుదామని నోరు తెరిచాను. అత్త చూసిన చూపుకి మామగారి పేరు నా గొంతులోనే ఆగిపోయింది.

ఇక ఆవిడ అధికారిణి వైపు తిరిగి మలాయిలో అందుకుంది. పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంది. తోటలో దొరగారి గుమస్తా అడిగినప్పుడు తన తల్లి కూడా చెప్పలేదనీ, మొగుణ్ణే చెయ్యి పట్టుకు తెచ్చి ఎదట నిలబెట్టిందనీ చెప్పింది. కావాలంటే తనూ తెస్తానంది, ఆయన బయట టీ తాగుతున్నాడట. పావుగంట ఆగకుండా చెబుతుంటే అధికారిణి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"మీ భాష పరీక్ష అయిపోయిందమ్మా" అంది.

ఎనిమిది నెలలకి ఉత్తరం వచ్చింది. పౌరసత్వ ప్రమాణం నాడు అత్త గొంతే అందరికంటే పైన వినిపించింది. నాకు ఏడుపాగలేదు. నీలం కార్డు చేతికొచ్చిన రోజు మామగారు, పేరు నేనూ రాయను లెండి, కళ్ళజోడు పెట్టుకుని దాన్ని దీపం దగ్గరికి పట్టి "నూకమ్మ" అని పైకి చదివారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను, ఆయన ఆవిణ్ణి "ఏయ్" అనడమే తప్ప పేరు పెట్టి పిలవగా వినలేదు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోపాలి సదవండి" అంది.