కొత్త లైబ్రరీకి పాత పేరు

మా పాత ఆఫీసువాళ్లం కలిసినప్పుడల్లా ఒక కథ నడుస్తుంది. తొంభైల చివర్లో ఒక ఆసుపత్రిలో మా సాఫ్ట్‌వేర్ కూలిపోవడం, కారణం ఒక కొత్తమ్మాయి కట్టిన ప్యాకేజీ కావడం, నేను వెళ్లి పరువు కాపాడడం. ఇన్నేళ్లూ వినయంగా తలూపుతూ విన్నాను. అందులో కూలిపోవడం ఒక్కటే నిజం.

మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. నేను సీనియర్‌ని, అంటే లినక్స్ పుస్తకం అందరికంటే ముందు కొన్నవాణ్ని. ఆమె ప్రొబేషన్‌లో ఉంది. ఈ ఆసుపత్రి పని సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి.

మా ప్రోగ్రాం మొత్తాన్ని మూటగా ఆమె కట్టిన ప్యాకేజీ అక్కడి కంప్యూటర్‌లో ఎక్కనంది. తనకు ప్రింట్ పని చేసిపెట్టే లైబ్రరీ ఫైలు పాత వెర్షన్ కావాలని, ఇక్కడున్నది కొత్తదని మర్యాదగానే చెప్పింది.

"పాతది ఆఫీసులో సీడీలో ఉందండి. తెచ్చి కొత్తదాని పక్కనే పెడదామండి. రెండూ గొడవపడవు," అందామె.

"ఏందమ్మా, గిప్పుడు మాదాపూర్ పోయొస్తవా? ఆడ డాక్టర్ సాబ్ కూసున్నడు," అన్నాడు మా మేనేజర్.

అయినా ఆమె సీడీ కోసం బస్సెక్కింది. ఆయన నావైపు తిరిగాడు. "నువ్వన్న జర చూడరాదా?"

చూశాను. కొత్త లైబ్రరీకి పాత వెర్షన్ పేరుతో ఒక లింకు, అంటే మారుపేరు, పెట్టి, ప్యాకేజీ అభ్యంతరాలను లెక్కచేయవద్దని కమాండ్ ఇచ్చి ఎక్కించేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది. డాక్టర్ చేయి కలిపాడు. చెమటలు కారుతూ సీడీతో వచ్చిన ఆమెకు, "అక్కర్లేదు తల్లీ. అనుభవం అంటే ఇదీ," అని బోధించాను.

"ఒక్క ప్రింట్ కొట్టి చూద్దామండి."

"అన్నీ చూశాం."

మర్నాడు మొదటి రిపోర్టు ప్రింట్ కొట్టగానే ప్రోగ్రాం మాయమైంది. కొత్త వెర్షన్‌లో పద్ధతి మారింది, పాత ప్రోగ్రాములకు పనికిరాదు అని చెప్పడానికే తయారుచేసినవాళ్లు లైబ్రరీ పేరు చివర అంకె మార్చారు. నేను ఆ అంకెనే కప్పిపెట్టాను.

"ప్యాకేజీ కట్టిందెవరు?" అన్నాడు మేనేజర్. ఎక్కించిందెవరో ఆయనకు తెలుసు, కానీ ఎక్కించడం తప్పెలా అవుతుంది?

"ఆమే," అన్నాను. అబద్ధమాడే అలవాటు నాకు లేదు.

సరిచేయడానికి నన్నే పంపారు. ఎవరూ చూడకుండా లింకు తీసేసి, ఆమె తెచ్చిన సీడీలోంచే పాత లైబ్రరీ పెట్టాను. ప్రింటర్ చక్కగా కదిలింది. నాకు అభినందనలు, ఆమెకు ఇక రావద్దన్న మాట.

వెళ్లేముందు నా సీటు దగ్గరికి వచ్చింది. "సారీ అండి, నా ప్యాకేజీ వల్ల మీకు శ్రమయింది. తప్పెక్కడ చేశానో ఇప్పటికీ తెలియట్లేదండి."

"పోనీలేమ్మా, నేర్చుకుంటావు," అని పెద్ద మనసుతో క్షమించాను.