ఆయుధపూజ నాడు వచ్చిన గ్రాఫు

నేను దయ్యాలను నమ్మను. నా భార్య సరళ పోయాక కూడా నమ్మలేదు. నమ్మగలిగితే బాగుండునని మాత్రం ఒకటి రెండుసార్లు అనుకున్నాను.

ఇద్దరం అమలాపురంలో ఫిజిక్స్ లెక్చరర్లం. తొంభైల చివర్లో సరళ పిహెచ్‌డి పని ఇంట్లోనే చేసుకునేది. వేగంగా వచ్చే ఆర్గాన్ అయాన్లు రాగి రేకును ఢీకొంటే ఎన్ని రాగి పరమాణువులు ఎగిరిపోతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. ఒక్కో అయాను ఎటు మళ్ళుతుందో ప్రోగ్రాం చీటీ తీసినట్టు తేలుస్తుంది. అయితే అవి నిజం చీటీలు కావు. మొదట ఇచ్చే అంకె మారకపోతే, ఎన్నిసార్లు నడిపినా అవే చీటీలు, అదే జవాబు.

"రెండోసారి రానిది లెక్క కాదండీ," అనేది సరళ. ఆ విషయంలో ఎవరి మాటా వినేది కాదు.

అలా ఉండగా ఒక వేసవిలో సరళ జ్వరంతో చనిపోయింది. ఒక పేపరు మిగిలిపోయింది. అయాన్లు బాగా ఏటవాలుగా తగిలే చోట ఆమె గ్రాఫు, ప్రయోగంలో కొలిచిన విలువల కంటే కిందికి జారిపోయేది. అది సరిపడితే ఆమె పేరుతోనే పంపుతానని, దసరా సెలవులయ్యేదాకా ఆగుతానని వైజాగ్‌లో ఆమె గైడుగారు చెప్పారు. సరళ పేరు అచ్చులో మిగలడానికి ఇక వేరే దారి లేదు.

ప్రోగ్రాం ప్రతి లైనూ చూశాను. తప్పు దొరకలేదు. జవాబూ మారలేదు.

ఆయుధపూజ నాడు సరళ కంప్యూటర్‌కి బొట్టు పెట్టి తువ్వాలు కప్పేది. ఆ ఏడు ఆ పని అత్తయ్యగారు చేశారు. నేను తువ్వాలు తీసి స్విచ్ వేశాను.

"మనకైతే కాలేజీ వాళ్ళిస్తారు సెలవు, దానికెవరిస్తారు అనేదండి మా అమ్మాయి," అన్నారావిడ. "ఇవాళ కూడా ఆడించాలాండీ అల్లుడుగారూ?"

"ఆయ్, ఇదొక్కటేనండీ," అన్నాను.

ప్రోగ్రాం మొదలుపెట్టాను. ఒకసారి నడపడానికి రాత్రంతా పట్టేది. నేను భోజనానికి కూర్చోగానే కరెంటు పోయింది. మజ్జిగన్నంలో ఉండగా వచ్చింది. మా పాత కంప్యూటర్ కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యేది. ప్రోగ్రాం మాత్రం మనం టైపు చేస్తేనే మొదలవుతుంది.

వెళ్ళి చూస్తే లెక్క పూర్తయి ఉంది. ఏటవాలు చివర కూడా గీత ప్రయోగపు విలువల మీదుగానే వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్యగారు నా ఎదురుగా వడ్డిస్తున్నారు. ప్రింటు తీశాను.

వెంటనే అదే అంకెతో మళ్ళీ నడిపాను. రాత్రంతా తీసుకుని పాత జవాబే ఇచ్చింది. సెలవులన్నీ అలాగే గడిచాయి.

ఎస్టీడీ బూత్ నుంచి గైడుగారికి ఫోన్ చేశాను.

"సరిపడిందా మాస్టారూ?"

"ఒకసారి సరిపడిందండి. మళ్ళీ రాలేదు."

"పంపమంటారా మరి?"

"వద్దండి. సరళ ఒప్పుకోదు."

పేపరు అక్కడితో ఆగిపోయింది.

వోల్టేజి తేడాకి అంకెలు చెడవచ్చు. కానీ రాత్రంతా పట్టే లెక్క ఒక భోజనం వేళలో ఎలా పూర్తయిందో, దాన్ని ఎవరు మొదలుపెట్టారో నేను ఈనాటికీ చెప్పలేను. ప్రింటు మీద సిరా వెలిసిపోయింది.

ఒక్క పరీక్ష మాత్రం మిగిలే ఉంది. మళ్ళీ ఆయుధపూజ నాడు నడిపి చూడాలి. ఫిజిక్స్ చదివినవాడు చేయాల్సిన పని అదే. ఆ కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంది. ఏటా ఆ రోజు అత్తయ్యగారు దానికి బొట్టు పెడతారు. నేను తువ్వాలు కప్పుతాను.