రాహేలమ్మ స్తోత్రం

పటమటలో దానియేలు మాస్టారి సాయంత్రం ప్రార్థన వీధి చివరికి వినబడేది. ఆయన కోరికలన్నీ ఏకరువు పెడుతుంటే పక్కనే మోకరించిన భార్య రాహేలమ్మ మాటమాటకీ "స్తోత్రం" అనేది. ఆమెన్ అయ్యాక మాత్రం, "మీరు కాస్త ఆగితే కదండీ దేవుడు మాట్లాడేది!" అని విసుక్కునేది. ఆయన ఉడుక్కునేవారు.

తొంభై ఎనిమిది వేసవిలో ఆమె పోయింది. చుట్టాలంతా వెళ్లాక మాస్టారు ఒక్కరే ప్రార్థనకి చాప పరుచుకున్నారు. ఒక్కో మాట ముగించి, అలవాటు చొప్పున ఆమె స్తోత్రం కోసం ఆగేవారు. ఏమీ వినబడేది కాదు. మొదట్లో ఆ నిశ్శబ్దానికి తాళలేక గొంతు పెంచారు. పోనుపోను తగ్గించారు.

ఇప్పుడు "ప్రభువా" అంటారు, అంతే. చాప మీద ఆమె చోటు వదిలి, చెవి ఒగ్గి కూర్చుంటారు.

మాస్టారు ప్రార్థన మానేశారని వీధిలో చెప్పుకుంటున్నారు.