ఎడమ అంచున దొంగ

ఉద్యమం వేడి మీదున్న రోజులు. హైదరాబాద్ ప్రయాణమంటే విజయవాడలో అందరూ వద్దన్నారు. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాత హాస్య మిస్టరీ సినిమా ఒకే ఒక్క ఆట వేస్తున్నారని తెలిశాక మా బాబాయి ఆగలేదు. అందులో దొంగ ఆయనే మరి.

దర్శకుడికి అది తొలినాళ్ల సినిమా. కెమెరా కదలదు. నవ్వించేవాళ్లంతా తెర మధ్యలో ఉంటారు. దొంగ మాత్రం ప్రతి సీన్‌లోనూ ఎడమ అంచున, మాటా పలుకూ లేకుండా నిలబడి ఉంటాడు. టీవీలో వేసినప్పుడల్లా ఆ అంచే తెగిపోయేది. పెళ్లయి ఇన్నేళ్లయినా పిన్ని ఆయన్ని తెర మీద చూడనేలేదు. అంతా గొప్పలు చెప్పుకోవడమేనని చుట్టాలు ఆటపట్టించేవాళ్లు.

ముగ్గురం తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కాం. సూర్యాపేటలో టిఫిన్. ఎల్బీనగర్ ముందు రాస్తారోకోలో బస్సు ఆగిపోతే దిగి నడిచాం. రోడ్డు మీద బైఠాయించినాయన ఒకరు, “గీ ఎండల యాడికి పోతున్నరు పెద్దమనిషీ?” అన్నాడు. సినిమాకని చెబితే పగలబడి నవ్వి, “జర జరుగుండ్రి, పోనియ్యుండ్రి,” అని దారి ఇప్పించాడు. రాస్తారోకోల రోజుల్లో ఇటు వచ్చేవాళ్లు నీళ్లసీసా మాత్రం మరవద్దు.

పదకొండున్నర ఆట అందుకున్నాం. బొమ్మ పడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పాత హాల్లో తెర వెడల్పు తక్కువ. తెర నిండాలని బొమ్మను పెద్దది చేసి, రెండు పక్కలా నరికేశారు! ఇంటర్వెల్‌లో మేనేజర్‌ను నిలదీశాను.

“పైనా కిందా నల్లపట్టీలొస్తే పబ్లిక్ లొల్లి చేస్తరు సార్. తెర నిండింది గద, ఇంకేం గావాలె?”

“దొంగ కావాలయ్యా!” అని అరిచాను. చాయ్ తాగి పొమ్మన్నాడు.

చివరి సీన్‌లో పాత్రలన్నీ ఎడమకు తిరిగి నోరెళ్లబెట్టాయి. అక్కడ హాలు గోడ తప్ప ఏమీ లేదు. “ఇంతకీ దొంగెవడ్రా?” అని వెనకనుంచి కేక. హాలంతా నవ్వింది. బాబాయి నవ్వలేదు.

సాయంత్రానికి రోడ్డు తెరిచారు. ఎల్బీనగర్‌లో తిరుగు బస్సెక్కాం. రోడ్డు మూసినవాళ్లు మాకు దారి ఇచ్చారు. టికెట్టు కోసి కూర్చోబెట్టినవాడు మనిషిని చూపించలేదు. ఇదీ నేను చూసిన హైదరాబాద్.

హయత్‌నగర్ దాటాక పిన్ని నోరు విప్పింది. “ఒకచోట గొడుగు పట్టుకున్న చెయ్యి కనబడింది. ఆ బొటనవేలు మీదే. నాకు తెలీదూ?”

బాబాయి చాలాసేపు తన చెయ్యి చూసుకున్నాడు.

“మొహంతో కూడా చేశానే,” అన్నాడు.